కడ్డీయా, ఘనమా, గుండ్రటి రేణువా: నానో పదార్థాల ఆకారం జీవకణాలకు ఎంత విషమో తేల్చే పద్ధతి

ఒకే పదార్థాన్ని ఒకే బరువులో తీసుకున్నా, గుండ్రటి రేణువులు జీవకణాల్ని ఏమీ చేయకుండా వదిలేయొచ్చు, పొడవాటి కడ్డీలు వాటిని చంపొచ్చు. ఇది కొత్త సంగతి కాదు. ఆస్బెస్టాస్ పోగుల విషయంలో వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. గాలిలో పోగుల్ని లెక్కించేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టుకున్న కొలత కూడా ఆకారం మీదే ఉంది: పొడవు 5 మైక్రాన్లకు పైన, మందం 3 మైక్రాన్ల లోపు, పొడవుకూ మందానికీ నిష్పత్తి కనీసం 3. 2008లో పొడవాటి కార్బన్ నానోగొట్టాల్ని ఎలుకల పొట్ట పొరలోకి ఎక్కించి చూస్తే ఆస్బెస్టాస్ తరహా వాపే కనిపించింది. పొట్టివీ, ఉండ చుట్టుకుపోయినవీ అలా చేయలేదు.

అయితే చిన్న ప్రయోగశాలల్లో తయారయ్యే ప్రాజెక్టు నివేదికల్లో "ఆకార ప్రభావం" పేరుతో వచ్చే ఫలితాల్లో చాలా భాగం ఆకారం వల్ల వచ్చినవి కావు. రేణువుల మీద మిగిలిన సబ్బు రసాయనం, కరిగి బయటికొచ్చిన అయాన్లు, సరిగ్గా లెక్కకట్టని మోతాదు, ఎండోటాక్సిన్ (బాక్టీరియా వదిలే విషం): ఈ నాలుగింటిలో ఏదో ఒకటి అసలు కారణమై ఉంటుంది. దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు కాలేజీల్లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేస్తున్న తెలుగు విద్యార్థులు ఉన్న వసతులతో ఈ పొరపాట్లను తప్పించుకుని ప్రయోగం చేసే క్రమం ఇది.

ఏ పదార్థంతో మొదలుపెట్టాలి

అందరూ ముందు వెండి, బంగారం, జింక్ ఆక్సైడ్ వైపు చూస్తారు. మొదటి ప్రయోగానికి మూడూ వద్దు.

జింక్ ఆక్సైడ్ జీవకణాల్ని పెంచే మాధ్యమంలోనూ (పోషక ద్రవం), కణం లోపలి జీర్ణ సంచులైన లైసోజోముల ఆమ్లంలోనూ కరిగి జింక్ అయాన్లు వదులుతుంది. కణాన్ని చంపేది ప్రధానంగా ఆ అయాన్లే కాబట్టి మీరు పువ్వు ఆకారం చేసినా, సూది ఆకారం చేసినా కొలిచేది కరిగే వేగాన్నే. వెండికీ ఇదే తంటా, పైగా స్ఫటిక ముఖాల గొడవ ఒకటి. 2007లో ఈ.కోలై బాక్టీరియా మీద త్రికోణపు వెండి పలకలు గుండ్రటి రేణువులకన్నా, కడ్డీలకన్నా గట్టిగా పనిచేశాయని తేలింది. దానికి చెప్పిన కారణం త్రికోణం కాదు, ఆ పలకల మీద ఎక్కువగా బయటపడి ఉండే, 111 అని పిలిచే స్ఫటిక ముఖం. బంగారు కడ్డీల్ని పెంచేటప్పుడు సీటాబ్ అనే సబ్బు లాంటి రసాయనం తప్పనిసరి. కడిగాక మిగిలిన కాస్త సీటాబ్ చాలు, కణాలు చచ్చిపోతాయి. "బంగారు కడ్డీలు విషం" అని తేల్చిన తొలి ఫలితాలు కొన్ని నిజానికి సీటాబ్ ఫలితాలే.

సీరియం ఆక్సైడ్‌లో ఈ చిక్కులు తక్కువ. సబ్బు రసాయనం లేకుండా, సీరియం నైట్రేటు, కాస్టిక్ సోడా అనే రెండే సరుకులతో మూడు ఆకారాలు వస్తాయి. తటస్థ పీహెచ్‌లో దాదాపు కరగదు. పోల్చి చూసుకోవడానికి కొలబద్ద కూడా ఉంది: 2012లో టీహెచ్‌పీ-1 అనే మానవ కణాలమీద చేసిన పనిలో పొడవు 200 నానోమీటర్లకు పైగా, పొడవు-మందం నిష్పత్తి 22కు పైగా ఉన్న సీరియా (సీరియం ఆక్సైడ్) కడ్డీలే వాపు సంకేతాల్ని పుట్టించి కణాల్ని చంపాయి, పొట్టివి ఊరుకున్నాయి. ఇంకో సంగతి, ఈ సరుకు మనకు పరాయిది కాదు. గంజాం జిల్లా ఛత్రపురం దగ్గర కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ సముద్రపు ఇసుకలోంచి తీసే ఖనిజాల్లో మోనజైట్ ఒకటి, సీరియం ఉండేది అందులోనే. కాకపోతే ప్రయోగానికి 99.9 శాతం శుద్ధి ఉన్న సీరియం నైట్రేటు హెక్సాహైడ్రేటు సీసానే కొనుక్కోవాలి.

మూడు ఆకారాల తయారీ

కావలసినవి: 100 మిల్లీలీటర్ల టెఫ్లాన్ కప్పు ఉన్న హైడ్రోథర్మల్ ఆటోక్లేవ్ (లోపలి ఒత్తిడిని తట్టుకునేలా మూత బిగించే పాత్ర), 180 డిగ్రీలు నిలకడగా ఉంచే ఓవెన్, సెంట్రిఫ్యూజ్, పాలీప్రొపిలీన్ బీకర్లు. ప్లాస్టిక్ బీకర్లే ఎందుకంటే, గాఢమైన కాస్టిక్ వేడెక్కి గాజును తింటుంది, సిలికా మీ నమూనాలోకి చేరుతుంది. ఆ సిలికా తర్వాత కణాల మీద తన పని తాను చేసుకుంటుంది.

మూడింటికీ సీరియం నైట్రేటు 1.74 గ్రాములు, అంటే 4 మిల్లీమోల్‌లు. దీన్ని 10 మిల్లీలీటర్ల డీఅయనైజ్డ్ నీళ్లలో కరిగించాలి. వేరే బీకరులో కాస్టిక్ సోడా కరిగించి 60 మిల్లీలీటర్లకు తేవాలి. కడ్డీలకూ ఘనాలకూ 16.8 గ్రాములు (కలిపాక 6 మోలార్ అవుతుంది), గుండ్రంగా కనబడే బహుముఖ రేణువులకు 1.4 గ్రాములు (0.5 మోలార్). కాస్టిక్ చల్లారాక సీరియం ద్రావణాన్ని చుక్కచుక్కగా కలుపుతూ అరగంట తిప్పాలి. కప్పులో మొత్తం 70 మిల్లీలీటర్లు దాటనీయకండి, పైన ఖాళీ లేకపోతే ఒత్తిడి కప్పును చీలుస్తుంది. కడ్డీలకూ బహుముఖ రేణువులకూ 100 డిగ్రీలు, ఘనాలకు 180 డిగ్రీలు, అన్నిటికీ 24 గంటలు. ఓవెన్ ఆపి దానంతట చల్లారనివ్వాలి. నీళ్లు పోసి చల్లార్చడం, గోరువెచ్చగా ఉండగానే మూత తిప్పడం రెండూ ప్రమాదమే, లోపల ఉన్నది మరిగే కాస్టిక్.

తీరప్రాంతంలో ఎక్కువగా చెడేది తూకం. గోపాలపూర్ గాలికి కాస్టిక్ గోళీలు పళ్లెంలో ఉండగానే చెమర్చి బరువెక్కుతాయి. 16.8 గ్రాములు తూచామనుకుంటారు, అందులో ఎంతో కొంత నీరే. గాఢత 6 మోలార్ దిగువకు పోయిందా, కడ్డీలూ బహుముఖ రేణువులూ కలగాపులగంగా వస్తాయి. సీసా తెరిచిన రెండు నిమిషాల్లో తూకం పూర్తవ్వాలి, లేదా గాఢ ద్రావణం ముందే చేసుకుని ప్రామాణిక ఆమ్లంతో టైట్రేట్ చేసి వాడాలి. సీరియం నైట్రేటుకూ తేమ పీల్చే గుణం ఉంది, డెసికేటర్ (తేమ చేరని పాత్ర) తప్పదు. ఇంకోవైపు, కాస్టిక్‌ను మరీ 0.1 మోలార్‌కు తగ్గిస్తే సీరియం మొత్తం అవక్షేపం కాదు. ఒక్కో సీరియానికి మూడు హైడ్రాక్సైడ్లు కావాలి, లెక్క కట్టి చూడండి.

కడగడం చాలామంది తేలిగ్గా తీసుకునే మెట్టు. నిమిషానికి 10,000 చుట్ల చొప్పున పది నిమిషాలు తిప్పి, పైనీరు వంపి, కొత్త నీరు పోసి మళ్లీ. పీహెచ్ 7కు వచ్చేదాకా నీటితో, ఆపైన రెండుసార్లు ఇథనాల్‌తో. నాలుగైదు కడుగుల తర్వాత పైనీరు పాలలా మబ్బుగా మారితే అది మురికి కాదు. ఉప్పు తగ్గిపోయి రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతున్నాయి. దాన్ని పారబోస్తే చిన్న రేణువులన్నీ పోయి, మీ నమూనా పొడవాటి వాటివైపు ఒరిగిపోతుంది. ఎక్కువసేపు తిప్పి దింపుకోండి. చివరి కడుగు నీటిలో 5 మిల్లీలీటర్లు ఫ్రీజర్‌లో దాచండి, అది తర్వాత కణాలమీద వేయాల్సిన నమూనా.

60 డిగ్రీల్లో రాత్రంతా ఆరబెడితే ముద్ద లేత పసుపు పొడి అవుతుంది. అంతా సవ్యంగా ఉంటే 0.69 గ్రాములకు దగ్గరగా రావాలి. ఫర్నేసులో కాల్చవద్దు, రేణువులు అతుక్కుని విడదీయలేని ముద్దలవుతాయి. పొడి తూచేటప్పుడు ఎన్95 మాస్కు, గ్లౌజులు వేసుకుని, ఎంత ఉక్కగా ఉన్నా పైన తిరిగే ఫ్యాను ఆపాల్సిందే.

కొలవడం

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు (టెమ్) లేకుండా ఆకారం గురించి ఒక్క మాటా రాయలేరు. మన కాలేజీల్లో చాలావాటికి అది అందుబాటులో ఉండదు, భువనేశ్వర్‌కో విశాఖకో పంపాల్సి వస్తుంది. పొడి పంపకండి, అక్కడివాళ్లు ఎలా కలిపి వేస్తారో మీ చేతిలో ఉండదు. మిల్లీలీటరుకు 0.05 మిల్లీగ్రాముల ద్రావణం 5 మైక్రోలీటర్లు కార్బన్ పూత గ్రిడ్ మీద వేసి, ఆరబెట్టి గ్రిడ్లే పంపండి. ఇంతకన్నా గాఢంగా వేస్తే కడ్డీలు ఒకదానిమీద ఒకటి పడి చివరలు కనబడవు.

ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో ఆకారానికి కనీసం 300 రేణువుల పొడవు, మందం కొలవాలి. సగటు ఒక్కటే ఇస్తే సరిపోదు. వంద కడ్డీల్లో పది మాత్రమే 200 నానోమీటర్లు దాటినా హాని ఆ పదే చేయొచ్చు, కాబట్టి మధ్యగతంతోపాటు 90వ శతాంశం కూడా పట్టికలో ఉండాలి. ఈ పద్ధతిలో వచ్చే కడ్డీలు చాలాసార్లు 200 కంటే పొట్టిగానే ఉంటాయి. మీ 90వ శతాంశం 120 దగ్గర ఆగితే, 2012 నాటి ఫలితం మీకు వస్తుందని ఎదురుచూడకండి.

ద్రవంలో రేణువులు చెదరగొట్టే వెలుగును బట్టి సైజు చెప్పే డీఎల్ఎస్ యంత్రం ప్రతి రేణువునూ గోళమనే అనుకుంటుంది. కడ్డీలకు అది చెప్పే "సైజు" పొడవూ కాదు, మందమూ కాదు. ముద్ద కట్టిందా లేదా చూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

వీటికి తోడు నైట్రోజన్ అధిశోషణతో ఉపరితల వైశాల్యం, స్ఫటిక నిర్మాణానికి ఎక్స్‌ఆర్‌డీ, వీలైతే ఉపరితల రసాయనాన్ని చదివే ఎక్స్‌పీఎస్‌తో సీరియం మూడు, సీరియం నాలుగు (ఆవేశం +3, +4 ఉన్న సీరియం) పాళ్లు. చివరిది విలాసం కాదు. కడ్డీల మీద, ఘనాల మీద, బహుముఖ రేణువుల మీద బయటికి కనబడే స్ఫటిక ముఖాలు వేరు, దానితో ఆక్సిజన్ ఖాళీల సంఖ్యా మారుతుంది. అంటే మూడు ఆకారాలు చేశామనుకున్నప్పుడే మూడు రకాల ఉపరితలాలూ చేసేశాం. ఈ చిక్కును విప్పే ఉపాయం తర్వాత వస్తుంది.

మోతాదు లెక్క

ఒకే బరువు అంటే ఒకే మోతాదు కాదు. 10 నానోమీటర్ల గోళం ఘనపరిమాణం సుమారు 524 ఘన నానోమీటర్లు. అదే మందంతో 200 పొడవున్న కడ్డీది సుమారు 15,700. అంటే ఒకే బరువులో కడ్డీల సంఖ్య గోళాలకన్నా 30 రెట్లు తక్కువ. ఉపరితలం చూస్తే, సీరియా సాంద్రత 7.2గా తీసుకుంటే, గోళాలకు గ్రాముకు 83 చదరపు మీటర్లు, కడ్డీలకు 57. కాబట్టి ఫలితాన్ని బరువు, వైశాల్యం, సంఖ్య మూడింటి మీదా గీయాలి. బరువు మీద వేరువేరుగా కనబడిన గీతలు వైశాల్యం మీద గీసినప్పుడు ఒకదానిమీద ఒకటి పడితే, తేడా ఆకారానిది కాదు, ఉపరితలానిది.

కణం మీదికి నిజంగా ఎంత దిగిందనేదీ ముఖ్యమే. సీరియా బరువైనది, ముద్ద కట్టినవి త్వరగా అడుగుకు చేరతాయి. 96 గుంటల ప్లేటులో గుంట అడుగు 0.32 చదరపు సెంటీమీటర్లు. మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల ద్రవం 100 మైక్రోలీటర్లు పోస్తే, అంతా దిగితే చదరపు సెంటీమీటరుకు 31 మైక్రోగ్రాములు. అంతకుమించిన మోతాదులో చచ్చే కణాలు ఆకారం వల్ల కాక రేణువుల గుట్ట కింద ఊపిరాడక చస్తాయి. మిల్లీలీటరుకు 3.125, 6.25, 12.5, 25, 50, 100 మైక్రోగ్రాములు చాలు.

ద్రవంలో చెదరగొట్టడం

పొడి 15.36 మిల్లీగ్రాములు తూచి, 30 మైక్రోలీటర్ల ఇథనాల్‌తో తడిపి, 0.05 శాతం బీఎస్ఏ (ఆవు సీరం ప్రొటీను) ఉన్న నీరు 5.97 మిల్లీలీటర్లు పోయాలి. మిల్లీలీటరుకు 2.56 మిల్లీగ్రాముల స్టాక్ వస్తుంది. ఇది ఐరోపాలో నానోజెనోటాక్స్ పేరుతో స్థిరపడిన కొలత, అందులో ప్రోబ్ సోనికేటర్‌ను (అతిధ్వనితో రేణువుల్ని విడదీసే పరికరం) మంచులో 16 నిమిషాలు నడుపుతారు. మిల్లీలీటరు మాధ్యమానికి స్టాక్ 39 మైక్రోలీటర్లు కలిపితే 100 మైక్రోగ్రాములు.

ఆ 16 నిమిషాల్ని కళ్లుమూసుకుని పాటించవద్దు, సోనికేటర్ కడ్డీల్ని విరిచేస్తుంది. 2, 4, 8, 16 నిమిషాల దగ్గర చుక్క తీసి గ్రిడ్ మీద వేసి పొడవు కొలవండి. పొడవు తగ్గడం మొదలుకాని గరిష్ఠ సమయాన్ని ఎంచుకుని మూడు ఆకారాలకూ అదే వాడండి.

ఆ విరగడమే మన ఉపాయం కూడా. కడ్డీల స్టాక్‌ను రెండు భాగాలు చేసి, ఒకదాన్ని ఎంచుకున్న సమయం వరకే, రెండోదాన్ని పొడవు సగానికో మూడో వంతుకో పడేదాకా సోనికేట్ చేయండి. ఇప్పుడు ఒకే బ్యాచ్, ఒకే రసాయనం, దాదాపు ఒకే స్ఫటిక ముఖాలు, మారింది పొడవు మాత్రమే. కొత్తగా విరిగిన చివరలు ఉంటాయి గానీ మొత్తం ఉపరితలంలో వాటి వాటా స్వల్పం. ఘనాలతో, గుండ్రటివాటితో పోల్చిన దానికన్నా ఈ ఒక్క పోలిక విలువ ఎక్కువ. ప్రోబ్ కొన నుంచి టైటానియం రజను రాలుతుంది కాబట్టి, రేణువులు లేని బీఎస్ఏ నీటిని కూడా అంతే సమయం సోనికేట్ చేసి కంట్రోల్‌గా పెట్టండి.

కణాలమీద

టీహెచ్‌పీ-1 కణాలు పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం (ఎన్‌సీసీఎస్) నుంచి తెప్పించుకోవచ్చు. ఫ్లాస్కులో బతికున్నవి తెప్పిస్తే ఎండాకాలం వద్దు, 40 డిగ్రీల పార్శిల్ గదిలో ఒక్క మధ్యాహ్నం చాలు అవి పోవడానికి. వాటి మాధ్యమం: ఆర్‌పీఎంఐ 1640, 10 శాతం సీరం, 0.05 మిల్లీమోలార్ మెర్కాప్టోఇథనాల్. గుంటకు 50,000 కణాలు, కణాల్ని మార్చే పీఎంఏ అనే రసాయనం 50 నానోమోలార్‌తో 24 గంటలు, ఆపైన మాధ్యమం మార్చి 24 గంటల విశ్రాంతి. అప్పటికి అవి అడుగుకు అంటుకుని, రేణువుల్ని మింగే మాక్రోఫేజుల్లా మారతాయి. మింగే కణాలే ఎందుకంటే, ఆకారం ముందుగా దెబ్బతీసేది మింగుడునే. 2006లో చేసిన పనిలో రేణువు ఎంత పెద్దదన్నదానికన్నా కణం దాన్ని ఏ వైపునుంచి తాకిందన్నదే మింగుడును నిర్ణయించింది. కొనవైపు తాకితే లోపలికి పోయింది, చదునైన పక్కన తాకితే కణం దానిమీద పరుచుకుని ఆగిపోయింది. పొడవాటి కడ్డీ సంచిలో పట్టని వెదురుబద్దలా లైసోజోమ్ గోడను పొడిచి చించుతుంది. అందులోని కథెప్సిన్-బీ అనే ఎంజైము కణద్రవంలోకి కారి, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే యంత్రాంగాన్ని లేపుతుంది. అది ఐఎల్-1 బీటా అనే వాపు సంకేత ప్రొటీనును బయటికి పంపుతుంది. కొలవాల్సింది దీన్నే.

కణాల్ని ముందే మేల్కొలపడానికి సగం గుంటల్లో ఎల్‌పీఎస్ (శుద్ధి చేసిన ఎండోటాక్సిన్) మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు కలపండి, సగం వదిలేయండి. ఎల్‌పీఎస్ లేని గుంటల్లో కూడా వాపు సంకేతం గట్టిగా వస్తే రేణువులకన్నా ముందు మీ నీటిని అనుమానించండి. డిస్టిల్డ్ నీటి క్యాన్లలో పెరిగిన బాక్టీరియా వదిలే ఎండోటాక్సిన్ ఆవిరి ఆటోక్లేవ్‌కు లొంగదు. గాజు సామాను 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట కాల్చాలి, నీరు ఇంజెక్షన్ రకం వాడాలి. ఎండోటాక్సిన్‌ను కొలిచే ఎల్ఏఎల్ పరీక్షకు నానో రేణువులు అడ్డుపడతాయి, తెలిసిన మొత్తం ఎండోటాక్సిన్ కలిపి తిరిగి ఎంత దొరికిందో చూశాకే దాని అంకెను నమ్మాలి.

తప్పనిసరి కంట్రోళ్లు: ఉత్త మాధ్యమం, సోనికేట్ చేసిన బీఎస్ఏ నీరు, దాచిన చివరి కడుగు నీరు, స్టాక్‌ను 3 కిలోడాల్టన్ ఫిల్టరులో వడకట్టిన ద్రవం, సూదుల్లా ఉండే మోనోసోడియం యూరేట్ స్ఫటికాలు మిల్లీలీటరుకు 200 మైక్రోగ్రాములు. యూరేట్‌కు ఐఎల్-1 బీటా రాకపోతే ఆ రోజు ప్లేటు మొత్తం పక్కనపెట్టాలి, మీ కణాలకు స్పందించే స్థితి లేదు. వడకట్టిన ద్రవమే కణాల్ని చంపితే ఆకారం గురించి మాట్లాడడానికి ఏమీ మిగలదు.

బతికున్న కణాలు ఎంటీటీ అనే రంగును ఫార్మజాన్ అనే ఊదా పదార్థంగా మార్చడాన్ని కొలిచే ఎంటీటీ పరీక్ష ఒక్కదానిమీద ఆధారపడకండి. సీరియా ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకునే పదార్థం, కణాలు లేకుండానే రంగును మార్చగలదు, పుట్టిన ఫార్మజాన్‌ను పట్టి ఉంచుకోగలదు. కణాలు లేని గుంటల్లో రేణువులతో ఎంటీటీ చేసి చూడండి. ఫార్మజాన్‌ను డీఎంఎస్‌ఓ ద్రావణిలో కరిగించాక ప్లేటును సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైద్రవాన్ని వేరే ప్లేటులోకి మార్చి 570 నానోమీటర్ల దగ్గర చదవండి, లేకపోతే అడుగున ఉన్న రేణువులు చెదరగొట్టే వెలుగు కూడా లెక్కలోకి వస్తుంది. రెండో కొలతగా ఎల్‌డీహెచ్ (పొర చిరిగిన కణాల్లోంచి కారే ఎంజైము) పెట్టండి. తెలిసిన ఎల్‌డీహెచ్ ద్రవంలో రేణువులు కలిపి అంకె పడిపోతుందేమో ముందే చూడాలి, ఎంజైము రేణువులకు అంటుకునే అవకాశం ఉంది. ఐఎల్-1 బీటాను కొలిచే ఎలైసా పరీక్షకూ ఇదే జాగ్రత్త. చదివే సమయాలు 6, 24, 48 గంటలు.

ప్లేటు అంచు గుంటల్లో కణాలు వేయవద్దు, ఆవిరి తేడా వస్తుంది. బఫరు పోసి వదలండి. మూడు గుంటలు మూడు ప్రయోగాలు కావు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు పాసేజీ (కొత్త ఫ్లాస్కుకు మార్చిన విడత) కణాలతో, కొత్తగా చెదరగొట్టిన స్టాక్‌తో చేసినవే మూడు.

ఫలితాన్ని అడ్డంగా ప్రశ్నించడం

పొడవాటి కడ్డీలకు ఐఎల్-1 బీటా పెరిగి, విరిచినవాటికి పెరగలేదనుకోండి. అప్పుడు మూడు అడ్డంకులు పెట్టి చూడాలి. మింగుడును ఆపే సైటోకలాసిన్-డీ 2 మైక్రోమోలార్, కథెప్సిన్-బీని ఆపే సీఏ-074-మీ 10 మైక్రోమోలార్, ఎన్‌ఎల్‌ఆర్‌పీ3ని ఆపే ఎంసీసీ950 10 మైక్రోమోలార్, ఒక్కోటీ రేణువులకు అరగంట ముందు. మూడింటికీ సంకేతం తగ్గితే పొడవు, లైసోజోమ్ చిరుగు, వాపు అనే గొలుసు నిలబడినట్టే. సైటోకలాసిన్‌కు తగ్గకుండా కణాలు చస్తూనే ఉంటే హాని బయటినుంచే జరుగుతోంది: పొర మీద నేరుగా దెబ్బో, కరిగిన దేనిదో పనో. వడకట్టిన ద్రవం గుంటల్ని మళ్లీ చూడండి.

కడ్డీలు పొడవుగానే ఉండి ఏ తేడా రాకపోతే, మాధ్యమంలో గంట ఉంచాక టెమ్‌లో చూడండి. ఉప్పులో, సీరంలో పక్కపక్కన చేరి కట్టలు కట్టి ఉండొచ్చు. కట్టకు పొడవు-మందం నిష్పత్తి విడి కడ్డీకి ఉన్నట్టు ఉండదు, 30 ఉన్నది 5కు పడిపోతుంది.

కాలపట్టికలో అక్టోబరును ఖాళీగా ఉంచుకోవడం మేలు. ఫైలిన్ తుపాను 2013లో, తిత్లీ 2018లో ఈ తీరాన్ని తాకింది ఆ నెలలోనే. కరెంటు పోతే సీఓ2 ఇంక్యుబేటర్ గంటల్లో చల్లబడుతుంది, ద్రవ నైట్రోజన్ డబ్బా నింపేవాళ్ల బండి రావడానికి దారి ఉండదు. వాడిన సీరియా ద్రవాల్ని సింకులో పోయకుండా పేరు రాసిన ప్లాస్టిక్ డబ్బాలో పోగుచేసి, సంస్థ ప్రమాదకర వ్యర్థాల కింద అప్పగించాలి. కణాలు కలిసినవాటిని ముందు 121 డిగ్రీల్లో ఆటోక్లేవ్ చేసి ఆపైన అదే డబ్బాలోకి.